తెలియదని చెప్పే ఇంగ్లీషు

బౌషర్, మస్కట్
18 జూన్ 1978

చిరంజీవి వెంకటరామయ్యకు అక్కయ్య ఆశీస్సులు.

మొన్న బుధవారం ఉదయం సంగతి రాస్తాను. మామూలు ఉదయమే. నీళ్ల ట్యాంకరు తెల్లవారకముందే వచ్చి మా క్వార్టర్ల వెనక ఆగింది. రెండు బిందెలు పట్టాను. స్నానం, దీపం, సహస్రనామం. ఓడ రాక అరటిపళ్లు దొరకడం లేదు, నాలుగు ఖర్జూరాలు నైవేద్యం పెట్టాను. కాఫీ కాగుతుండగా హలీమా తలుపు తట్టింది.

ఈమె గురించి నీకు ఇంతకుముందు రాయలేదు. ఇండోనేషియా పిల్ల. జావా దీవి. భర్త లేడు. చిన్న కొడుకుని తల్లి దగ్గర వదిలి వచ్చింది. నా పక్క గదే, నా వార్డులోనే నర్సు. పుస్తకాల ఇంగ్లీషు వచ్చు, దొరలు మాట్లాడే ఇంగ్లీషు రాదు. త్రో అంటే తెలుసు, అప్ అంటే తెలుసు. రెండూ కలిపి త్రో అప్ అంటే వాంతి అని ఎలా తెలుస్తుంది? నాకూ మొదట్లో తెలియలేదు. మనవైపు పాస్ ఔట్ అంటే చదువు పూర్తి కావడం. ఇక్కడ రోగి పాస్ ఔట్ అయ్యాడంటే స్పృహ తప్పాడని. అందుకని రోజూ ఉదయం కాఫీ వేళ నాలుగు మాటలు చెబుతున్నాను. మందుల అట్టపెట్టెలు చింపి వెనక రాసుకుంటుంది.

ఆ ఉదయం కమ్ రౌండ్ చెప్పాను. స్పృహలోకి రావడం. ఆమె నా వంటగది నేల మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసింది. కాసేపటికి మెల్లగా ఒక కన్ను తెరిచి, "హలీమా కమ్ రౌండ్, సిస్టర్. కాఫీ?" అంది. నవ్వాను. నేను నవ్వి చాలా రోజులైంది.

అదే రోజు డ్యూటీలో గంగన్న అనే మేస్త్రీని తెచ్చారు. నిజామాబాద్ వైపు మనిషి. సైట్‌లో పరంజా మీంచి పడ్డాడు, తలకి దెబ్బ. దొర డాక్టరు హలీమాతో ఏదో చెప్పి వెళ్లడం దూరం నుంచి చూశాను. రోగి మగతలోకి జారుతుంటే వెంటనే తనని పిలవమన్నాడని తర్వాత తెలిసింది. ఆమెకి ఏమీ అర్థం కాలేదు. అయినా నవ్వి, తల ఊపి, "యెస్ డాక్టర్" అంది. నేను వెళ్లేసరికి గంగన్న గాఢంగా నిద్రపోతున్నాడు. ఆమె మెడదాకా దుప్పటి కప్పి పక్కన కూర్చుని ఉంది. నేను పిలిపిస్తే డాక్టరు పరుగున వచ్చాడు. భగవంతుడి దయ, మనిషి దక్కాడు.

అర్థం కానప్పుడు ఎందుకు తల ఊపావని అడిగాను. "మా దేశంలో పెద్దవాళ్లతో అర్థం కాలేదంటే, మీకు చెప్పడం రాదు అన్నట్టు, సిస్టర్. తప్పు" అంది.

గంగన్నకి తెలివి రాగానే నా చెయ్యి పట్టుకున్నాడు. "అవ్వా, గా పిల్లని ఏమనకుండ్రి. నాకు నిద్రొచ్చింది, పండుకున్న. సలేస్తదని దుప్పటి గప్పింది. గా పని గూడ తప్పేనా?"

మేట్రన్ దొరసాని తప్పేనంది. రంజాన్ పండగ వెళ్లాక హలీమాకి ఎదుట కూర్చోబెట్టి ఇంగ్లీషు పరీక్ష. నెగ్గకపోతే పంపేస్తారు. ఆమె స్థానం ఖాళీ అవుతుంది.

నా మేనకోడలు శేషుకుమారి కాకినాడ ఆసుపత్రికి నర్సు డ్యూటీకి రైల్లో వెళ్తోందా, బస్సులోనా? దాని ఫోటో ఒకటి పంపు.

ఉంటాను.
సీతాదేవి

*

పిఠాపురం
2 జూలై 1978

అక్కయ్యకు తమ్ముడు వెంకటరామయ్య నమస్కరించి రాయునది.

నీ ఉత్తరం అందింది. ఒకసారి చదివాను, మళ్లీ చదివాను, ఆఖరి నాలుగు వాక్యాలు నీ మరదలు కామేశ్వరికి పైకి చదివి వినిపించాను. మేమిద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. నీ మనసు నాకు తెలీదా అక్కయ్యా? శుభం జరిగేదాకా నోటితో అనకూడదనేది మన ఇంట్లో అమ్మ పెట్టిన పద్ధతి. నాకు తాలూకా ఆఫీసులో ఉద్యోగం ఖాయమైనప్పుడు అమ్మ వీధిలో ఎవరడిగినా "ఏమో, వానలు పడాలిగా" అనేది. నువ్వు మస్కట్ వెళ్లేటప్పుడూ అంతే. బొంబాయి నుంచి "ఇక్కడ ఉక్కగా ఉంది" అని కార్డు రాశావు. అంటే విమానం టిక్కెట్టు చేతికొచ్చిందని అర్థం చేసుకున్నవాణ్ణి నేను. "స్థానం ఖాళీ" అని రాసి, కిందనే "ఫోటో పంపు" అంటే అర్థం చేసుకోలేనా?

ఒక్క ఫోటో కాదు, పాస్‌పోర్టు సైజువి మూడు తీయించాను. ఇందులో పెడుతున్నాను. శేషు జడ వెనక్కి వేయమంటే వినలేదు. నీ పోలికే, చెబితే వినదు. పాస్‌పోర్టుకి దరఖాస్తు కూడా పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఎదురింటి పంతులుగారు మాత్రం ఎలాగో పసిగట్టి, "ఏమిటోయ్, అమ్మాయిని కూడా ఎగరేస్తున్నారా?" అన్నారు. "ఏమో, వానలు పడాలిగా" అన్నాను. ఆయన నవ్వారు.

ఇక్కడ నాట్లు మొదలయ్యాయి. మొన్నటి గాలికి మన పెరట్లో మునగచెట్టు విరిగింది.

ఆ జావా అమ్మాయి ఎలా ఉంది? పాపం, ఆ ఇంగ్లీషు అంత తొందరగా వచ్చేది కాదనుకుంటాను.

నీ తమ్ముడు
వెంకటరామయ్య

*

బౌషర్
20 జూలై 1978

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

ఫోటోలు అందాయి. శేషు చిక్కింది. దీపం పక్కన పెట్టుకున్నాను. పాస్‌పోర్టు ఉండటం మంచిదే, ఎప్పటికైనా పనికొస్తుంది. తొందర లేదు.

ఎండలు ముదిరాయి. వార్డులో రోజూ వడదెబ్బ మనుషులే. గంగన్న లేచి తిరుగుతున్నాడు. ఇంటికి ఉత్తరం రాసిపెట్టమన్నాడు. భార్య పేరు సత్తవ్వ. "పడ్డనని రాయకుండ్రి. తలకాయ పగిలిందని అసలే రాయకుండ్రి. డ్యూటీ మంచిగున్నది, రూమ్‌ల ఫ్యానున్నది అని రాయుండ్రి" అన్నాడు. అలాగే రాశాను. ఆ గదిలో ఫ్యాను లేదట. ఫ్యాను అబద్ధమెందుకని అడిగితే, "ఈడి ఎండకే ఆమె భయపడ్తది, ఫ్యానుంటే బేఫికరుగ ఉంటది" అన్నాడు.

హలీమాకి పాఠాలు సాగుతున్నాయి. ఒక చిత్రం చూశాను. ఇంగ్లీషువాడి గివ్ అప్ ఆమెకి ఎక్కలేదు. చేతులెత్తెయ్యడం అని అభినయించి చూపించాను. ఆమె ఒక్కసారిగా చప్పట్లు కొట్టింది. వాళ్ల భాషలోనూ చేతులు ఎత్తడమేనట! దొంగని పొడుగు చేతులవాడు అంటారట. మొండిమనిషిది రాతి తల. చోటు వదిలి వెళ్లిపోవడాన్ని కాళ్లెత్తడం అంటారట. అప్పటినుంచీ దారి దొరికింది. ఇంగ్లీషు మాటని ముందు చేతులకో కాళ్లకో తలకో తెచ్చి చెబుతున్నాను. ఇద్దరికీ తెలిసిన ఒళ్లు ఒకటే కదా. కమ్ డౌన్ విత్, బ్రేక్ ఔట్, వేర్ ఆఫ్ వచ్చాయి. జబ్బున పడటం, పొక్కులు పొంగడం, మత్తు దిగడం.

కాదు అనే మాట మాత్రం ఆమె నోట రావడం లేదు. వచ్చిందా అంటే బెలుమ్ అంటుంది. ఇంకా లేదు అని. పెళ్లయిందా అని పెళ్లాడని ముసలామెని అడిగినా వాళ్ల దేశంలో బెలుమ్ అనే చెబుతుందట.

మేట్రన్ నన్ను పిలిచింది. పరీక్ష రోజుకి హలీమా గురించి నేను రాసివ్వాలట. నా మాట మీదే నడుస్తుందంది. ఆ భారం స్వామి పాదాల దగ్గర పెట్టాను.

ఉంటాను.
సీతాదేవి

*

పిఠాపురం
5 ఆగస్టు 1978

అక్కయ్యకు నమస్కారాలు.

"నా మాట మీదే నడుస్తుంది" అన్నావు, ఇంకేం కావాలి! ఈ ఉత్తరం వచ్చిన రోజు కామేశ్వరి పాయసం వండింది. ఎందుకమ్మా అని పనిమనిషి అడిగితే "ఊరికే, పాలు మిగిలాయి" అందట.

ఒక సంగతి. పాస్‌పోర్టు చేతికొచ్చింది. కాకినాడ ఆసుపత్రిలో మానేయాలంటే నెల ముందుగా రాసివ్వాలట. నీ కబురు వచ్చాక రాస్తే ఆలస్యమవుతుంది కదా అని శేషు చేత రాయించేశాను. అది ఒకటే గొణుగుడు. "అత్తయ్య రమ్మని ఎక్కడ రాసింది నాన్నా? నాకు చూపించు" అంటుంది. "మీ అత్తయ్య రాయదే, రాయకపోవడమే రాయడం" అని చెప్పాను. సంతకం పెట్టింది.

అక్కయ్యా, కోప్పడనంటే ఒకటి అడుగుతాను. ఆ అమ్మాయికి నువ్వు రోజూ పాఠాలు చెప్పడం ఎందుకు? నువ్వు రాసిన కాళ్లూ చేతులూ చదివి నేనూ నవ్వుకున్నాను, నిజమే. కామేశ్వరి నవ్వలేదు. "వదినగారు పరాయి పిల్లని అందలం ఎక్కిస్తుంటే మన పిల్ల పొయ్యి దగ్గర కూర్చోవాలాండీ?" అంది. నేను కసిరాను. కానీ పడుకున్నాక ఆ మాట నాకూ గుచ్చుకుంది. నాన్న పోయాక నా స్కూలు ఫీజు కోసం నువ్వు కాలేజీ మానేసి, స్టైపెండు వస్తుందని నర్సింగులో చేరావు. అలాంటి నువ్వు నా కూతురికి అడ్డం వెళ్తావని కాదు. అబద్ధం రాయమనడం లేదు. ఆ గంగన్న దగ్గర జరిగింది జరిగినట్టు రాయి. చాలు.

వరలక్ష్మీ వ్రతానికి నీ పేరున కూడా తోరం కడతాం.

నీ తమ్ముడు
వెంకటరామయ్య

*

బౌషర్
22 ఆగస్టు 1978

రామయ్యా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. వెంటనే రాయలేకపోయాను.

శేషు చేత ఉద్యోగం మానిపిస్తావని నేను అనుకోలేదు. ఫోటో దీపం దగ్గర పెట్టుకోవడానికి అడిగాను. ఖాళీ అవుతుందని రాసింది హలీమా కోసం బాధపడి. తొందర లేదని రాసినప్పుడు నా మనసులో ఏదీ లేదు. నువ్వు నా మౌనంలో ఒక మాట చదువుకున్నావు. నేను ఇచ్చిన మాట కాదది.

కానీ నీ ఉత్తరం చదివాక రెండు ఉదయాలు నేను హలీమాని పిలవలేదు. తలనొప్పి అన్నాను. తలనొప్పి లేదు. దీపం ముందు కూర్చుంటే శేషు ఫోటోలే కనిపించాయి, స్వామి కనిపించలేదు. జరిగింది జరిగినట్టు రాస్తే చాలు, పాపం కూడా రాదు కదా అనుకున్నాను. అలా అనుకున్నాను, రామయ్యా.

మూడో ఉదయం ఆమే వచ్చింది. ఉపవాసం కదా, కాఫీ వద్దంది. దీపం వైపు చూసి ఎవరని అడిగింది. మా తమ్ముడి కూతురు, నర్సు అన్నాను. ఒకేలా ఉన్న మూడు చిన్న ఫోటోలు ఎందుకో ఆమె అడగలేదు. అలాంటివి తనూ దిగి వచ్చిందే. నవ్వి, "సిస్టర్, నేను కాళ్లెత్తుతాను. మీ పిల్లకి చోటు" అంది.

తల ఊపినట్టే నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. డాక్టరు ముందు నవ్విన నవ్వే అది.

నాకు భయం వేసింది. కూర్చోమన్నాను. "నీకు వెళ్లాలని ఉందా?" అని అడిగాను. బెలుమ్ అంది. "అవును, కాదు, రెండే. ఏదో ఒకటి చెప్పు" అన్నాను. కన్నీళ్లు కారాయి. "నో" అంది. ఆమె నోట నేను విన్న మొదటి కాదు అదే.

ఆ రోజు నుంచి ఒకటే పాఠం. ఐ డోంట్ నో. టెల్ మి ప్లెయిన్లీ. నాకు తెలియదు, విడమరిచి చెప్పండి. నేను డాక్టరునై అడుగుతాను, ఆమె చెప్పాలి. తడబడుతుంది. మళ్లీ మొదలుపెట్టి చెబుతుంది.

ఆమెకి నేర్పిన మాట నేను నీకు చెప్పాలి. రామయ్యా, కాదు. ఈ స్థానం శేషుకి నేను ఇప్పించను. హలీమా నెగ్గితే ఉంటుంది. ఓడితే వెళ్తుంది. ఓడినా, ఆ కుర్చీలో నా మేనకోడల్ని కూర్చోబెట్టమని నేను అడగను.

ఇందులో వేరే అర్థం ఏదీ లేదు.

సీతాదేవి

*

పిఠాపురం
1 సెప్టెంబరు 1978

అక్కయ్యకు,

చదివాను. శేషుకి కాకినాడలో నిన్నటితో ఆఖరు రోజు. తోటి నర్సులు దండ వేసి, స్వీట్లు పంచి పంపారట. ఆ దండ మెడలో ఉండగానే నీ ఉత్తరం వచ్చింది. ఏం చేయమంటావో నువ్వే చెప్పు. కామేశ్వరి అన్నం తినలేదు. వీధిలో పంతులుగారు "ప్రయాణం ఎప్పుడోయ్?" అని అడుగుతారని ఇవాళ నేను దొడ్డిదారిన ఆఫీసుకి వెళ్లాను.

వెంకటరామయ్య

*

బౌషర్
11 సెప్టెంబరు 1978

చిరంజీవి వెంకటరామయ్యకు,

రంజాన్ పండగా, మన వినాయకచవితీ ఒకే వారంలో వచ్చాయి. హలీమా కొబ్బరిపాలతో అన్నం వండి తెచ్చింది. నేను ఉండ్రాళ్లు ఇచ్చాను. ఇద్దరం సరిగా తినలేదు. నీ ఉత్తరం మొన్న అందింది.

నిన్న పరీక్ష. మేట్రన్, దొర డాక్టరు, ఎదురుగా హలీమా. నేను గోడ పక్కన. డాక్టరు మామూలుగా వార్డులో మాట్లాడినట్టే మాట్లాడాడు. రోగి కమ్ రౌండ్ అయ్యాడంటే ఏం చేస్తావన్నాడు. చెప్పింది. మత్తు వేర్ ఆఫ్ అవుతుంటే? చెప్పింది. తర్వాత ఏదో గబగబా అన్నాడు. నేను ఆమెకి ఎన్నడూ చెప్పని మాట. నాకే సగం అర్థమైంది.

ఆమె పెదవుల మీదికి ఆ నవ్వు వచ్చింది. తల కదలబోయింది. నావైపు చూసింది. నేను నా చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాను. సాయం చేయకూడదు. మనసులో నామం కూడా ఆగిపోయింది.

"ఐ డోంట్ నో, డాక్టర్. టెల్ మి ప్లెయిన్లీ" అంది.

వినిపించలేదు, మళ్లీ చెప్పమంది మేట్రన్. హలీమా మళ్లీ చెప్పింది, ఈసారి గది బయటికి వినపడేలా. డాక్టరు కుర్చీ ముందుకి లాక్కుని విడమరిచి చెప్పాడు. అప్పుడు ఆమె సరిగ్గా జవాబు చెప్పింది.

నేను రాసిన కాగితంలో ఆమెకి ఇంకా రాని మాటలు రాశాను. గంగన్న సంగతి జరిగింది జరిగినట్టు రాశాను. నువ్వు చెప్పినట్టే. కింద ఒక్క వాక్యం చేర్చాను, ఇప్పుడు ఈమె తెలియనిది తెలియదని చెబుతుంది అని. ఆమెని ఉంచారు. ఏడాది తర్వాత మళ్లీ చూస్తారట.

ఆ తర్వాత శేషు గురించి మేట్రన్‌ని అడిగాను. హలీమా చోటు కాదు, వేరే ఏదైనా ఉందా అని. లేదంది. వచ్చే ఏడాది ఉండవచ్చా అంటే తెలియదంది. నీకు ఆశ రాయడం లేదు. నిరాశా రాయడం లేదు. తెలియదు అని రాస్తున్నాను.

నేను ముందే కాదని రాసి ఉంటే శేషు మెడలో ఆ దండ పడేది కాదు. కాకినాడలో పెద్ద నర్సు నాతో చదువుకున్న మనిషే. శేషు ఒప్పుకుంటే ఆమెకి రాస్తాను. ఒప్పుకోకపోతే రాయను. దాన్నే అడుగు. దాని మాట దాని మాటల్లోనే నాకు రాయి.

గంగన్న నిన్న సైట్‌కి వెళ్లిపోయాడు. వెళ్తూ ఇంటికి ఇంకో ఉత్తరం రాయించాడు. ఈసారి పడ్డానని రాయమన్నాడు. ఎందుకు మనసు మారిందంటే, "సత్తవ్వ కనిపెట్టిందవ్వా. ఫ్యాను ఏ కంపెనీది అని అడిగింది" అన్నాడు.

అక్కయ్య

*

పిఠాపురం
24 సెప్టెంబరు 1978

అక్కయ్యకు తమ్ముడు నమస్కరించి రాయునది.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. నేను చదవలేదు. ఇన్నాళ్లూ నేను చదివి అర్థం చెప్పినవే కదా, ఈసారి శేషుని చదవమన్నాను. సాయంత్రం దీపాలు పెట్టాక వసారాలో కూర్చుని మొదటినుంచి చివరిదాకా పైకి చదివింది. జావా అమ్మాయి జవాబు దగ్గర ఆగి, ఆ ఇంగ్లీషు వాక్యం మళ్లీ చదివింది. కామేశ్వరి కళ్లు తుడుచుకుంది. ఎవరి కోసమో నేను అడగలేదు.

నువ్వు అడగమన్నట్టే అడిగాను. కాకినాడకి అత్తయ్య చేత రాయించనా అన్నాను. అది చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "అత్తయ్య రాయొద్దు. నేనే వెళ్లి అడుగుతాను. మహా అయితే కాదంటారు. ఇన్నాళ్లూ మనింట్లో ఎవరూ ఆ మాట అనలేదు గనకే కదా ఇంత జరిగింది. నాన్న నాతో రావద్దు." నేను రైలు స్టేషన్ దాకా వస్తానన్నాను. సరే, స్టేషన్ దాకా అంది.

మరో సంగతి. పంతులుగారికి నేనే చెప్పాలని కామేశ్వరి పట్టుబట్టింది. దొడ్డిదారిన తిరిగి చెప్పులరిగాయి గానీ పరువు మిగల్లేదంది. అప్పటికప్పుడే వెళ్లి, శేషు మస్కట్ వెళ్లడం లేదండీ, అక్కయ్య రమ్మనలేదు, నేనే అనుకున్నాను అని చెప్పి వచ్చాను. ఆయన "కూర్చో, మజ్జిగ తాగు" అన్నారు. అంతే. దానికోసమా నేను మూడు వారాలు దాక్కున్నాను!

శేషు ఒక ఫోటో పంపుతోంది. ఇది పెద్దది, జడ ముందుకి వేసుకున్నది. ఆ మూడు చిన్నవీ తీసేసి దీపం దగ్గర ఇది పెట్టుకోమంది. హలీమాకి కూడా చూపించమంది.

అన్నం తినబోతూ చివరికి నిర్ణయించుకున్నది ఇదీ. ఇకనుంచి మన ఉత్తరాల్లో అవునైతే అవునని, కాకపోతే కాదని, తెలియకపోతే తెలియదని రాసుకోవాలి. శుభమైనా సరే, ముందే రాసేయాలి. దిష్టి తగలదా అని నేనే సందేహపడ్డాను. కామేశ్వరి లేచి వంటింట్లోకి వెళ్లి ఉప్పుజాడీ తెచ్చి నా ముందు పెట్టింది.

"మీరు రాయండి. దిష్టి సంగతి నేను చూసుకుంటాను" అంది.

నీ తమ్ముడు
వెంకటరామయ్య